ఆంటీదీ, మా నాన్నగారిదీ ఒకే గుర్రం | సింగపూర్ చైనీస్ న్యూ ఇయర్ వ్లాగ్

హాయ్ అండీ, నమస్తే. వెనకాల డప్పులు వినిపిస్తున్నాయా? కింద లయన్ డాన్స్ నడుస్తోంది, కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఈసారి చైనీస్ న్యూ ఇయర్ ఫిబ్రవరి 17న వచ్చింది, గుర్రం సంవత్సరం. వీళ్లకి ఒక్కో ఏడాదికీ ఒక్కో జంతువు పేరుంటుంది.

ఇప్పుడు ఎదురింటి ఆంటీ వాళ్లింటికి వెళ్తున్నాం. చేతిలో రెండు కమలాపండ్లు, జతగానే ఇవ్వాలి, అదీ రెండు చేతులతో. వచ్చేటప్పుడు వాళ్లూ మనకి రెండు పెట్టి పంపుతారు. పిల్లలకి ఆంగ్‌పావ్, అంటే ఎర్ర కవర్లో డబ్బులు. పెళ్లయినవాళ్లు పెళ్లికానివాళ్లకి ఇస్తారు, వయసుతో పని లేదు. మా మరిదికి ఈ రూల్ తెగ నచ్చేసింది! సరిసంఖ్యే పెట్టాలి, 4 మాత్రం వద్దు. ఆ లెక్కన మన నూటపదహార్లు ఇక్కడా చెల్లుతాయి.

ఇదిగో, యూషెంగ్. క్యారెట్, ముల్లంగి తురుము, వేరుశనగ పొడి, ప్లమ్ సాస్, పచ్చి చేప ముక్కలు. మా కోసం చేప లేని పళ్లెం వేరే పెట్టారు. అందరూ నిలబడి చాప్‌స్టిక్స్‌తో పైకి ఎగరేస్తారు, ఎంత ఎత్తుకి లేస్తే అంత కలిసొస్తుందని. టేబుల్ సంగతి అడక్కండి. దీనికి ఇప్పుడున్న రూపం 1960ల్లో ఇక్కడి వంటవాళ్లే ఇచ్చారంటారు. మలేషియా వాళ్ల దగ్గర ఆ మాటనకండి, గొడవైపోతుంది.

తింటూ ఆంటీ, "మీ నాన్నగారిది ఏ జంతువు?" అన్నారు. 1966 ఆగస్టు అన్నాను. "అయ్యో, గుర్రమే! నాదీ అదే. ఈ ఏడాది ఆయన్ని ఎరుపు వేసుకోమను" అన్నారు. మన జంతువు సంవత్సరం వస్తే మనకి మంచిదనుకుంటాం కదా, వీళ్ల లెక్కలో అది గండం ఉన్న ఏడాది. ఆంటీ కొడుకైతే ఆవిడకి ఎర్ర సాక్సులు డజను కొనిచ్చాడు.

12 జంతువులు, ఒక్కోదానికి 5 ధాతువులు, మొత్తం 60 ఏళ్ల చక్రం. 1966 అగ్ని గుర్రం, మళ్లీ ఇప్పుడే వచ్చింది. జపాన్‌లో అగ్ని గుర్రం ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి బతకనివ్వదని ఎంత భయమంటే, 1966లో పుట్టినవాళ్లు ముందటేడు కంటే దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు! మరి మనకి? నాన్నగారు పుట్టింది పరాభవలో, ఈ మార్చి 19న ఉగాదికి వచ్చేదీ పరాభవే. నాన్నగారికి షష్టిపూర్తి, ఆంటీకి చక్రం పూర్తి, రెండూ ఒకే ఏడాది. నాకైతే ఎర్ర కవర్ల కంటే ఇదే పెద్ద కానుక.

నెలలు కూడా అంతే, వాళ్లకీ అమావాస్య నుంచే లెక్క, వాళ్లకీ అధికమాసం ఉంటుంది. వాళ్లది నిరుడే అయిపోయింది, మనది ఈ జ్యేష్ఠంలో వస్తోంది. అందుకే నిరుడు వాళ్ల కొత్త సంవత్సరానికీ ఉగాదికీ మధ్య రెండు నెలలుంటే, ఈసారి ఒక్క నెలే.

పండగ 15వ రోజు చాప్ గో మే, మార్చి 3న, పౌర్ణమి. మనకి హోళీ పున్నమి. ఆంటీ రాత్రి భోజనానికి పిలిచారు, ఏడింటికి. ఆ సాయంత్రమే చంద్రగ్రహణం. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు విడుపు అయ్యాక తలస్నానం చేస్తే గానీ ముద్ద ముట్టరు. విడుపు తొమ్మిది దాటాకే. అదే చెప్తే ఆంటీ, "అయితే తొమ్మిదిన్నరకి రండి, అప్పుడే వేడిగా చేస్తాను" అన్నారు. ఆ వీడియో వచ్చే వారం పెడతాను, ఉంటానండీ.