ట్రామా థెరపీ: మొదటి రోజే అంతా చెప్పక్కర్లేదు

(తెర మీద: క్లినిక్ బయట వరుసగా కుర్చీలు. ఒకావిడ చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.)

ట్రామా థెరపీకి, అంటే మనసుకు తగిలిన పాత దెబ్బకు చేసే చికిత్సకు, ఈవిడ మొదటిసారి వచ్చింది. మనసులో రిహార్సల్ చేసుకుంటోంది. "ముందు ఆ రోజు సంగతి చెప్పాలా, నాన్న గురించి చెప్పాలా? మధ్యలో ఏడుపొస్తే?" ఆటోలో వస్తున్నంతసేపూ ఇదే గొడవ. తలుపు తీసి లోపలికి వెళ్లగానే 'ఏం జరిగిందో మొత్తం చెప్పండి' అంటారని ఆవిడ టెన్షన్.

మామూలుగా అలా అడగరు. అడిగినా, "ఇప్పుడే వద్దు" అనొచ్చు. మంచి థెరపిస్ట్ ఆ మాటతో ఆగుతారు. ఆగకపోతే థెరపిస్ట్‌ను మార్చాలి, మీరు సిగ్గుపడాల్సిన పనేం లేదు.

(తెర మీద: టేబుల్, రెండు కుర్చీలు, నీళ్ల గ్లాసు.)

మరి మొదటి సెషన్‌లో ఏం జరుగుతుంది? ఎక్కువగా ఇప్పటి విషయాలే. నిద్ర పడుతోందా, తింటున్నారా, ఇంట్లో ఎవరున్నారు, ఏ మందులు వాడుతున్నారు, తాగే అలవాటుందా. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడుగుతారు. కంగారు పడకండి, వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్నే అది. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉంటే దాచకండి.

కొంతమంది ఒక కాగితం ఇస్తారు. పీసీఎల్-5 అనేది అలాంటిదే: పీడకలలు, ఉలికిపాటు లాంటి వాటి మీద 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కు. ఇందులో పాసూ ఫెయిలూ లేవు. కొన్ని వారాల తర్వాత మళ్లీ నింపిస్తారు, అప్పటికీ ఇప్పటికీ తేడా చూడటానికి.

ఇక మనవాళ్లు లోపల్లోపల మథనపడే ప్రశ్న: "ఇది మా ఇంట్లో తెలుస్తుందా?" 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను మీ హక్కుగా రాసింది. దానికి మినహాయింపులూ ఉన్నాయి: మీకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక హింస జరుగుతోందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. మొదటి రోజే అడగండి: "మీరు ఏది ఎవరికి చెప్పాల్సి వస్తుంది?" ఈ ఒక్క ప్రశ్నతో సగం బరువు దిగుతుంది.

(తెర మీద: గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క.)

ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు: "అయిపోయినదాన్ని తవ్వుకోవడం ఎందుకమ్మా?" వాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ తవ్వేదేమీ లేదు, అది పైకే ఉంది. 2014లో విశాఖలో హుద్‌హుద్ గాలిని ఒంటరిగా ఇంట్లో భరించిన మనిషికి, ఇన్నేళ్ల తర్వాత కూడా కిటికీ రెక్క టపటపమంటే గుండె దడ పుట్టొచ్చు. తుఫాను పోయిందని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. థెరపీ పని ఒంటికి తెలియజెప్పడం.

అందుకే చాలామంది థెరపిస్ట్‌లు ముందు కాలు నిలదొక్కుకోవడం నేర్పిస్తారు. పాదాలు నేలకు ఆనించడం, చల్లటి నీళ్లలో చేతులు పెట్టడం, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం. చెబితే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. అర్ధరాత్రి పీడకలతో లేచినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత అసలు పని. అందరికీ ఒకే పద్ధతి ఉండదు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో జరిగినదాన్ని మీ నోటితోనే, మళ్లీ మళ్లీ, చెప్పిస్తారు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు. సీపీటీ అనే పద్ధతిలో 'తప్పు నాదే' లాంటి నమ్మకాలను కాగితం మీద పెట్టి నిలదీస్తారు, దాదాపు 12 సెషన్లు. ఈఎండీఆర్ అనే ఇంకో పద్ధతిలో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ చేతివేళ్లను కళ్లతో అనుసరించాలి. కళ్లు అటూ ఇటూ తిప్పితే భయం పోతుందా అని నాకూ మొదట నవ్వొచ్చింది. అందులో కళ్ల కదలిక పాత్ర ఎంత అన్నది నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అయినా పెద్దవాళ్లలో పీటీఎస్‌డీకి (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్యకు) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన చికిత్సల్లో ఇదీ ఒకటి. బాల్యమంతా హింసలోనే గడిచినవాళ్లకు ఈ లెక్కలు సరిపోకపోవచ్చు, ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు.

(తెర మీద: సాయంత్రం, మంచం మీద బ్యాగు పడేసి కూర్చున్న మనిషి.)

ఇది మాత్రం ముందే తెలిసి ఉండాలి. మొదట్లో కొన్నాళ్లు హాయిగా అనిపించకపోగా, ఇంకాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. తలనొప్పి, చిరాకు, ఒళ్లు హూనమైనట్టు ఉండటం, పాత కలలు తిరిగి రావడం. చాలామంది ఇక్కడే "నాకు పడట్లేదు" అని మానేస్తారు. మానేసే ముందు ఆ మాటే వెళ్లి థెరపిస్ట్‌కు చెప్పండి. వేగం తగ్గించడం వాళ్ల చేతిలో పని. సెషన్ ఉన్న సాయంత్రం పెళ్లికో ఫంక్షన్‌కో ఒప్పుకోకండి. ఒక గంట మీ కోసం ఉంచుకోండి.

భాష గురించి ఒక మాట. మిమ్మల్ని గాయపరిచిన మాటలు తెలుగులో పడ్డాయి. వాటిని ఇంగ్లీషులో చెబితే దూరం నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఆ దూరం మేలే చేస్తుంది, కొందరికి. ఏదో ఒక రోజు ఆ మాట తెలుగులోనే అనాల్సి రావచ్చు. కాబట్టి తెలుగు వచ్చిన థెరపిస్ట్ కావాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ థెరపీ చేస్తారు, వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, తప్పేం లేదు. డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ పేరును మనం తిట్టుగా వాడుకుని పాడుచేశాం గానీ, అక్కడ ఓపీ చీటీ తీసుకునేవాళ్లు మనలాంటి మామూలు మనుషులే.

(తెర మీద పెద్ద అక్షరాల్లో: 14416)

ఇది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక్కడైనా, క్లినిక్‌కు ఫోన్ చేసినా, కథ చెప్పక్కర్లేదు. ఇంత చాలు: "పాత విషయం ఒకటి నన్ను ఇబ్బంది పెడుతోంది. ట్రామా మీద పనిచేసేవాళ్లు ఎవరున్నారు?"