‘హోల్స్’ నవలలో ఉల్లిపాయకేం పని?

అందరికీ నమస్కారం. పిల్లల నవలల్లో ప్రతీకల గురించి మాట్లాడమన్నారు. ప్రతీక అనగానే పిల్లలకు టెన్షన్, పరీక్షలో అడిగే ప్రశ్న గుర్తొస్తుంది మరి. అందుకే ఒక్క నవలే తీసుకుంటాను, లూయిస్ సాచర్ రాసిన ‘హోల్స్’. 1998లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ అందుకుంది.

కథ టెక్సస్‌లో జరుగుతుంది. చేయని దొంగతనానికి స్టాన్లీ అనే కుర్రాణ్ణి క్యాంప్ గ్రీన్ లేక్‌కి, అంటే తప్పుచేసిన పిల్లల్ని ఉంచే శిబిరానికి పంపిస్తారు. పేరుకే సరస్సు, చుక్క నీళ్లుండవు. అక్కడ రోజుకో గొయ్యి తవ్వాలి, ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు, చేతిలో ఉన్న పారే కొలబద్ద. బుద్ధి బాగుపడుతుందని చెప్పి తవ్విస్తారు గానీ వార్డెన్ వెతికేది పాతిపెట్టిన సొమ్ము కోసం. గొయ్యి కష్టానికి ప్రతీక అని గైడుల్లో రాసేస్తారే, అది నాకు నచ్చదు. మొదటి రోజే స్టాన్లీ అరచేతులు బొబ్బలెక్కుతాయి. అది చదివిన పిల్లాడికి ముందు తన చేతులు మండాలి, ప్రతీక సంగతి తర్వాత.

అసలు విషయం జీరో దగ్గర ఉంది, అదే క్యాంపులో ఉన్న ఇంకో కుర్రాడు. జీరోకి చదువు రాదు. స్టాన్లీ అక్షరాలు నేర్పితే, బదులుగా అతని గోతిలో కొంత జీరో తవ్విపెడతాడు. తర్వాత జీరో పారిపోతాడు, స్టాన్లీ వెతుక్కుంటూ వెళ్తాడు, జబ్బుపడ్డ జీరోని మోసుకుంటూ బొటనవేలు ఆకారంలో ఉన్న కొండెక్కుతాడు. ఎప్పుడో స్టాన్లీ ముత్తాత తండ్రి, మేడమ్ జెరోనీ అనే ముసలామెను కొండపైకి మోసుకెళ్తానని మాటిచ్చి, ఆ సంగతే మరిచి అమెరికా ఓడ ఎక్కేశాడు. జీరో ఆవిడ వంశం వాడే! ఆ బాకీ తీరుతోందని మోస్తున్నవాడికి తెలియదు, తెలిసుంటే ఇంత బాగుండేది కాదు.

కొండ మీద వాళ్లకు దొరికేవి నీళ్లూ, ఉల్లిపాయలూ. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మనవాళ్లు ఊరికే అన్నారా! ఆ ఉల్లి వెనక శామ్ ఉన్నాడు, నూటపదేళ్ల కిందట ఆ సరస్సు ఒడ్డు ఊళ్లో ఉల్లిపాయలమ్మిన నల్లజాతి మనిషి. తెల్ల టీచరమ్మను ముద్దుపెట్టుకున్నాడని అతన్ని చంపేశారు, అప్పట్నుంచి ఆ ఊళ్లో వాన లేదు. చివర్లో విషపు బల్లులు ఒంటి మీద పాకుతున్నా పిల్లలిద్దరినీ కరవవు, కారణం వాళ్లు తిన్న ఉల్లే. ఊరు చంపుకున్న మనిషి పంట ఇన్నేళ్లకు ఇద్దరు అనాథల్లాంటి పిల్లల్ని కాపాడింది. క్లాసులో ఉల్లి దేనికి ప్రతీక అని అడక్కండి, శామ్‌ని ఎందుకు చంపారని అడగండి, మిగతాది వాళ్లే లాగుతారు.

ఆఖర్లో ఎండిన సరస్సులో వాన చుక్క పడటం మాత్రం నాకు కాస్త అతి అనిపించింది. పిల్లలు ఒప్పుకోరనుకోండి. ఇక మీరు అడగండి.