గెయిన్ పెంచే ముందు నాయిస్ చూడండి

నమస్తే అండి. వాతావరణ శాటిలైట్ పంపే ఫోటోలు ఇంట్లోనే పట్టుకోవాలని కూర్చున్నారు. శాటిలైట్ సరిగ్గా నెత్తిమీద నుంచే వెళ్తోందని ట్రాకింగ్ యాప్ చెప్తోంది. కానీ మీ కంప్యూటర్‌లో డీకోడర్ (సిగ్నల్‌ని ఫోటోగా మార్చే సాఫ్ట్‌వేర్) లాక్ అవ్వట్లేదు, అంటే సిగ్నల్‌ని పట్టుకోవట్లేదు. అప్పుడు చాలామంది వెంటనే గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) ఫుల్‌గా పెట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

ముందు ఒక్క మాట. మీరు వెతుకుతున్న శాటిలైట్ అసలు పనిచేస్తోందా? అమెరికా వాతావరణ శాటిలైట్లు నోవా 15, 18, 19 మూడింటినీ 2025లో ఆపేశారు. పాత వీడియోలు చూసి ఇంకా వాటికోసమే యాంటెన్నా పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల కష్టం చూస్తే బాధేస్తుంది. 137 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇప్పుడు ప్రయత్నించాల్సింది రష్యా వాతావరణ శాటిలైట్లు మెటియోర్.

ఇక గెయిన్ సంగతి. మన ఆర్‌టీఎల్ డాంగిల్‌లో (కంప్యూటర్‌కి పెట్టే చిన్న రేడియో రిసీవర్) సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది 8 బిట్ల ఏడీసీ, బాగా బలమైన సిగ్నల్‌నీ బాగా బలహీనమైనదాన్నీ అది ఒకేసారి సరిగ్గా పట్టలేదు. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఎఫ్ఎం స్టేషన్లు ఉంటాయి, శాటిలైట్ సిగ్నల్ కంటే అవి ఎన్నో రెట్లు బలమైనవి. గెయిన్ మరీ పెంచితే వాటి ధాటికి ట్యూనర్ ఓవర్‌లోడ్ అయిపోయి, లేనిచోట కూడా స్టేషన్లు కనిపిస్తాయి. అసలు సిగ్నల్ వాటి కింద మునిగిపోతుంది.

అందుకే ఇలా చూడండి. యాంటెన్నా తీసేసి, స్పెక్ట్రమ్‌లో (ఫ్రీక్వెన్సీల వారీగా సిగ్నల్ బలం చూపే గ్రాఫ్) నాయిస్, అంటే సిగ్నల్ లేనప్పుడు కూడా ఉండే రొద, ఏ ఎత్తులో ఉందో గమనించండి. మళ్లీ యాంటెన్నా పెట్టండి. నాయిస్ కొంచెం లేచిందా? గెయిన్ సరిపోయింది, అక్కడే ఆగండి. ఏమాత్రం కదల్లేదంటే గెయిన్ తక్కువైనా అయ్యుండాలి, కేబులో కనెక్టరో తెగిపోయైనా ఉండాలి. మరీ ఎక్కువ లేచిందంటే చుట్టుపక్కల ఏదో రొద చేస్తోంది. లాప్‌టాప్ ఛార్జర్, ఎల్ఈడీ లైట్లు ఒక్కొక్కటీ ఆపుతూ స్క్రీన్ చూడండి. ఏది ఆపితే నాయిస్ దిగిందో అదే దొంగ.

ఆంప్లిఫైయర్ వాడుతుంటే దాన్ని యాంటెన్నా పక్కనే బిగించండి. డాంగిల్ దగ్గర పెడితే కేబుల్లో పోయిన సిగ్నల్ తిరిగి రాదు. దానికి కరెంటు డాంగిల్ నుంచే వెళ్తుంటే బయాస్ టీ (అదే కేబుల్లో కరెంటు పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. కరెంటు లేని ఆంప్లిఫైయర్ సిగ్నల్‌ని ఇంకా తగ్గించేస్తుంది.

యాంటెన్నా విషయానికొస్తే వీ-డైపోల్ (వీ ఆకారంలో పెట్టిన రెండు కడ్డీలు) చాలు. ఒక్కో కడ్డీ సుమారు 53 సెంటీమీటర్లు, మధ్య కోణం 120 డిగ్రీలు, నేలకు సమాంతరంగా. నా ఉద్దేశంలో ఖరీదైన పరికరం కంటే నలువైపులా తెరుచుకున్న ఆకాశమే ఎక్కువ మేలు చేస్తుంది.

చివరగా, పాస్ (శాటిలైట్ ఒకసారి మన మీదుగా వెళ్లడం) మొత్తం బేస్‌బ్యాండ్‌గా, అంటే డీకోడ్ చెయ్యని ముడి సిగ్నల్‌గా రికార్డ్ చేసుకోండి. ఫైల్ పెద్దదే అవుతుంది, కానీ అదే పాస్ మీద ఎన్నిసార్లైనా డీకోడ్ చేసి చూడొచ్చు. మెటియోర్ సిగ్నల్ సన్నటి గీతలా ఉండదు, సుమారు 120 కిలోహెర్ట్జ్ వెడల్పున దిబ్బలా లేస్తుంది. ఆ దిబ్బ స్పష్టంగా ఉండి కూడా లాక్ రాలేదంటే సాట్‌డంప్ అనే డీకోడర్‌లో డేటా వేగాన్ని 72k బదులు 80k ఎంచుకుని చూడండి. లాక్ వచ్చి మాటిమాటికీ తెగుతుంటే శాంపిల్స్ (డాంగిల్ పంపే డేటా ముక్కలు) డ్రాప్ అవుతున్నాయేమో, శాంపిల్ రేట్ తగ్గించి మళ్లీ రికార్డ్ చెయ్యండి. దిబ్బే లేవలేదంటే మాత్రం సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, యాంటెన్నా నుంచి డాంగిల్ దాకా ఒక్కో కనెక్షనూ విప్పి చూడండి.