తడి రోడ్డు కోసం టైరు

శ్రోతలకు నమస్కారం.

మోటారు సైకిలుకు టైరు కొనేటప్పుడు దుకాణంలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని. డబ్బు పెట్టి కొంటున్నప్పుడు అడగవలసిందే. కానీ దానికంటే ముందు, "తడి రోడ్డు మీద దీని పట్టు ఎలా ఉంటుంది?" అని అడగాలని నా మనవి. పొడి రోడ్డు మీద, వెచ్చని మధ్యాహ్నం, ఏ మంచి టైరైనా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. తేడా తెలిసేది వానలోనూ చలి ఉదయాల్లోనూ.

బండి నేలను తాకేది రెండే చోట్ల, అదీ ఒక్కోచోట అరచేయంత మేర మాత్రమే. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా భారమంతా ఆ కాస్త రబ్బరుదే.

ఆ రబ్బరు గట్టిదైతే నిదానంగా అరుగుతుంది, మెత్తనిదైతే రోడ్డును బాగా పట్టుకుంటుంది. అందుకే కొన్ని టైర్లలో నడిమి భాగానికి గట్టి రబ్బరు, అంచులకు మెత్తని రబ్బరు వాడతారు. తిన్నగా పోతున్నప్పుడు అరిగేది నడుమ, మలుపులో ఒరిగినప్పుడు ఆదుకునేవి అంచులు. సిలికా అనే ఇసుకజాతి పదార్థం ఎక్కువగా కలిపిన రబ్బరు చలిలో త్వరగా బిగుసుకుపోదు, తడిలోనూ పట్టు నిలుపుకుంటుంది. అన్ని కాలాల్లో తిరిగేవారు దుకాణంలో ఈ సంగతి తప్పక అడగాలి. రేసు టైర్ల జోలికి మాత్రం పోవద్దు. బాగా వేడెక్కితే తప్ప వాటికి పట్టు రాదు, రోజువారీ ప్రయాణంలో అంత వేడి పుట్టదు.

ఇక టైరు మీది గాళ్లు, అంటే రబ్బరులో తీసిన గాడులు. ఇవి ఉన్నది నీటిని పక్కలకు తోసేయడానికి. పొడి ట్రాక్ మీద రేసుల్లో గాళ్లు లేని నున్నని టైర్లే వాడతారు, వానపడితే వెంటనే మార్చేస్తారు. గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలు కనిపిస్తాయి. పైరబ్బరు వాటి మట్టానికి అరిగిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. వానల్లో తిరిగేవారు అంతదాకా ఆగకుండా ముందే మార్చుకోవడం మంచిది. మట్టిదారుల కోసం చేసిన పెద్ద దిమ్మల టైర్లు చూడటానికి ఎంత బాగున్నా, తారు రోడ్డును తాకే రబ్బరు వాటిలో తక్కువ. తడిలో బ్రేకు వేసినప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

కొనే ముందు టైరు పక్క భాగం ఒకసారి చదవండి. ఉదాహరణకు, 100/90-17 55పి అని ఉందనుకుందాం. 100 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 90 అంటే టైరు పక్క భాగం ఎత్తు ఆ వెడల్పులో 90 శాతమని. 17 అంగుళాలు రిమ్ము కొలత. 55 అనే అంకె 218 కిలోల బరువు మోయగలదని, పి అనే అక్షరం గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని చెబుతాయి. ఈ రెండూ బండి తయారీదారు సూచించిన దానికి తగ్గకూడదు. వెడల్పు మాత్రం ఆయన సూచించినంతే ఉండాలి. అందం కోసం వెడల్పు టైరును ఇరుకు రిమ్ముకు ఎక్కిస్తే దాని ఆకారమే మారిపోయి, మలుపుల్లో బండి బిగుసుకున్నట్టు తిరుగుతుంది.

అక్కడే నాలుగంకెల తయారీ తేదీ కూడా ఉంటుంది. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి తక్కువ ధరకు ఇస్తామన్నా పాత సరుకు వద్దనండి.

గాలి విషయంలో ఒకే మాట: టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వానకాలమని గాలి తగ్గించడం పొరపాటు. తగ్గితే గాళ్లు మూసుకున్నట్టై నీరు సరిగా బయటికి పోదు.

ఎంత మంచి టైరైనా రోడ్డు మీద వేసిన తెల్లగీతలూ, మ్యాన్‌హోళ్ల ఇనుప మూతలూ తడిస్తే వాటి మీద జారుతుంది. చాలాకాలం తర్వాత పడిన తొలి చినుకులకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి పైకి తేలుతాయి. అప్పుడు మరింత నెమ్మదిగా వెళ్లాలి. కొత్త టైరు వేయించుకున్నప్పుడూ అంతే. దాని పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా, బండిని కొద్దికొద్దిగా ఒరిగిస్తూ నడపండి.

నమస్కారం.