వేలి క్లిప్పు వెనుక అవోయాగి
(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కోవిడ్ తర్వాత ప్రాణహితకు ఇవతలా అవతలా పల్స్ ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి క్లిప్పు, ఎరగని ఊరు లేదు. వేలికి పెట్టడం, అంకె చదవడం మీకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ అంకెను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అనేదే చిక్కు. దీన్ని కనిపెట్టిన తకువో అవోయాగి ఏ దారిన ఆలోచించాడో తెలిస్తే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఈ మిషను బలమూ, దాని తప్పుల్లో ముఖ్యమైనవీ ఆయన చేసిన ఒకే ఎంపికలోంచి వచ్చాయి.

అవోయాగి 1936లో జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో పుట్టాడు. 1958లో నీగాటా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, షిమాజు కంపెనీలో పనిచేసి, 1971లో వైద్య పరికరాలు చేసే నిహోన్ కోడెన్ కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన పట్టుకున్న పనికీ ఆక్సిజన్‌కూ సంబంధమే లేదు. గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం తోస్తుందో, సూది గుచ్చి రక్తం తీయకుండా కొలవాలి. నరంలోకి ఒక రంగు మందు ఎక్కిస్తారు. చెవి తమ్మెకు దీపం బిగించి, అవతలి వైపు వెలుతురు ఎంత తగ్గిందో చూస్తారు. రంగు వచ్చి, చిక్కబడి, పలచబడే గీతను బట్టి లెక్క కడతారు. అయితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ చెవిలోకి రక్తం పొంగుతుంది కదా, ఆ గీత రంపం పళ్ళలా వచ్చేది. లెక్క కుదిరేది కాదు.

ఆ పళ్ళను చెరిపెయ్యాలని ఆయన రెండో వెలుతురు పెట్టాడు. 900 నానోమీటర్ల (వెలుతురు అల పొడవును చెప్పే కొలత) దగ్గర ఆ రంగు మందు వెలుతురును పీల్చదు, రక్తం మాత్రం పీలుస్తుంది. కాబట్టి అక్కడ కనిపించే పొంగును తీసుకుని మొదటి గీతలోని పొంగుకు చెల్లు వేశాడు. గీత నున్నగా వచ్చింది. కానీ మనిషి ఊపిరి బిగబట్టి ఆక్సిజన్ తగ్గితే చాలు, చెల్లు చెడి పళ్ళు మళ్ళీ లేచాయి. 1972 చివర్లో ఆయనకు తట్టిన సంగతి ఇదే: రెండు వెలుతురుల్లో పొంగుల నిష్పత్తి ధమని రక్తం రంగును బట్టి మారుతోంది, అంటే ఆక్సిజన్‌ను కొలుస్తోంది. ఇక గుండె లెక్క వదిలి దీని వెంట పడ్డాడు.

అంతకుముందూ చెవికి పెట్టే ఆక్సీమీటర్లు ఉన్నాయి. 1940ల నాటి ఒక రకంలో ముందు చెవిని నొక్కి రక్తం లేకుండా చేసి ‘సున్నా’ పట్టేవారు. అవోయాగి ఆలోచన తర్వాత, 1976లో వచ్చిన హ్యూలెట్ ప్యాకర్డ్ మిషనుకు ఎనిమిది రకాల వెలుతురు కావలసి వచ్చింది, చెవిని వేడి చెయ్యాల్సి వచ్చేది. అవోయాగి పద్ధతిలో ఇవేవీ అక్కర్లేదు. చర్మం, ఎముక, సిరల్లోని రక్తం పెద్దగా కదలవు, ధమని రక్తమే పొంగుతుంది. పొంగే భాగాన్నే తీసుకుంటే చాలు. నన్నడిగితే ఆయన గొప్పదనం ఈ వదిలెయ్యడంలోనే ఉంది.

1974 మార్చిలో మిచియో కిషితో కలిసి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. నెల తిరక్కుండానే మినోల్టా కంపెనీ కూడా అదే ఆలోచనతో దరఖాస్తు చేసింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సప్పొరో సర్జన్ సుసుము నకజిమా అవోయాగి మిషనును రోగుల మీద వాడి చూశాడు. 1980ల మొదట్లో అమెరికాలో బయాక్స్, నెల్‌కోర్ కంపెనీలు పాత బల్బు స్థానంలో ఎల్ఈడీలు పెట్టి ఆపరేషన్ థియేటర్లకు చేర్చాయి. అవోయాగికి 2015లో ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ పతకం వచ్చింది. 2020 ఏప్రిల్ 18న, 84 ఏళ్ళ వయసులో పోయాడు. సరిగ్గా అప్పుడే లోకమంతా ఈ క్లిప్పు కోసం వెతుకుతోంది.

ఇప్పుడు క్లిప్పు విప్పి చూద్దాం. పై దవడలో రెండు ఎల్ఈడీలు: 660 నానోమీటర్ల ఎరుపు ఒకటి, 940 దగ్గర కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఒకటి. కింద వెలుతురును కొలిచే ఫోటోడయోడ్. ఎల్ఈడీలు వంతులవారీగా వెలుగుతాయి. మధ్యలో రెండూ ఆరిన క్షణంలో బయటి వెలుతురును కొలిచి తీసేస్తుంది. వచ్చే వెలుతురులో పొంగే భాగం నూటికి ఒకటి, రెండు వంతులే. రెండు వెలుతురుల్లో ఆ వంతుల నిష్పత్తి 0.5 దగ్గరుంటే సాచురేషన్ (హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టిన శాతం) సుమారు 98, ఒకటి అయితే సుమారు 85. ఈ పట్టిక సూత్రంలోంచి పుట్టలేదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇచ్చి, రక్తం తీసి సరిపోల్చి తయారుచేశారు. 70 కంటే కిందికి అలా దించరు. అందుకే 62, 58 లాంటి అంకెలు అంచనాలే. కిందికి పోయిందని మాత్రం గట్టిగా నమ్మండి.

పొంగు మీదే ఆధారపడింది కనుక పొంగు లేకపోతే అంకె లేదు. చేతులు చల్లబడినా, బీపీ పడిపోయినా, అదే చేతికి బీపీ పట్టీ బిగించినా తప్పు చూపిస్తుంది. వేలు ఊగితే సిరల రక్తం కూడా కదిలి, దాన్నే ధమని అనుకుంటుంది. కాబట్టి మొదట చెయ్యాల్సిన పని: అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు రుద్ది వెచ్చబరిచి, గోళ్ళ రంగు తుడిచి, వేలు చివరిదాకా దూర్చి, గోరు ఎల్ఈడీ వైపు ఉంచి, ఎండలో ఉంటే గుడ్డ కప్పి నిమిషం ఆగడం. గోరింటాకు మామూలుగా ఎర్రగా పండితే పెద్ద తేడా రాదు గానీ నల్ల మెహందీ మాత్రం వెలుతురును అడ్డుకుంటుంది. ఆ తర్వాత మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టండి. మిషను చూపే పల్సు దానితో కలవకపోతే సాచురేషన్ అంకె రాయనే వద్దు. పసిపిల్లలకు పెద్దల క్లిప్పు పెట్టకండి. వెలుతురు వేలిలోంచి పోకుండా పక్కనుంచి జారిపోతుంది. పాదానికి చుట్టే ప్రోబ్ కావాలి. అది లేకపోతే ఊపిరి లెక్కే మేలు: రెండు నెలల లోపు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఆ పైన అయిదేళ్ళ దాకా 40. అంతకు చేరితే వేగంగా ఉన్నట్టే.

రెండో రకం తప్పులు రంగువి. రెండు వెలుతురులతో రెండే రకాల హిమోగ్లోబిన్‌ను, ఆక్సిజన్ పట్టినదాన్నీ పట్టనిదాన్నీ, విడదీయగలం. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న మనిషికి కార్బన్ మోనాక్సైడ్ పడితే మిషను దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కగట్టి 98 అంటుంది. పత్తికి కొట్టే పురుగుమందు ఇండాక్సాకార్బ్ తాగిన కేసుల్లో మెథెమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్) పెరిగి, ఎంత ఆక్సిజన్ పెట్టినా అంకె 85 దగ్గరే ఆగిపోవచ్చు. తీసిన రక్తం చాక్లెట్ రంగులో కనిపిస్తే ఆ అనుమానం డాక్టరుకు చెప్పండి. నల్లని చర్మం మీద అసలు కంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికాలో పెద్ద లెక్కలు వచ్చాయి. మన దగ్గర దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 92, 93 చూసి ఊరట పడొద్దు.

రక్తహీనత సంగతి వేరు. అక్కడ మిషను అబద్ధం చెప్పదు, అడిగిన దానికే జవాబిస్తుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 15 గ్రాములు ఉన్నవాళ్ళకు 98 శాతం దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 20 మిల్లీలీటర్లు. ఆరే ఉన్న బాలింతకు అదే 98 శాతం దగ్గర ఎనిమిది. గడ్చిరోలి జిల్లాలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువ. అది ఉన్నవాళ్ళలో కొందరికి బాగున్నప్పుడే అంకె తక్కువగా ఉంటుంది. బాగున్న రోజున కొలిచి కార్డు మీద రాసి ఉంచండి. జ్వరంతోనో ఛాతీ నొప్పితోనో వచ్చినప్పుడు దానికంటే మూడు తగ్గితే ఆలస్యం చెయ్యొద్దు.

చివరిగా సిలిండర్ లెక్క. అంబులెన్సులో ఉండే బి టైపు సిలిండర్‌లో, నిండుగా ఉంటే, సుమారు 1500 లీటర్లు. నిమిషానికి పది లీటర్లు వదిలితే రెండున్నర గంటల్లో ఖాళీ. ఇక్కడినుంచి ఆలపల్లి మీదుగా గడ్చిరోలి చేరేలోపే అయిపోవచ్చు. బయల్దేరే ముందు క్లిప్పు పెట్టి, అంకె 94కు తగ్గకుండా నిలిచినంతవరకు ఫ్లో మెల్లగా దించండి. నాలుగు లీటర్లతో నిలిస్తే ఆరు గంటలు వస్తుంది. ఫ్లో తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి, వేలి దగ్గర మార్పు ఆలస్యంగా కనిపిస్తుంది. దారిలో అంకె బాగానే ఉండి మనిషి మగతగా అయితే అంకెను పక్కన పెట్టి ఊపిరి లెక్కపెట్టండి. ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఈ క్లిప్పుకు తెలియదు.