హబ్ మోటారు గేర్ల చప్పుడు తగ్గాలంటే ఏ గ్రీజు వాడాలి?

నమస్కారం. ఎలక్ట్రిక్ సైకిల్ చక్రంలో ఉండే గేర్డ్ హబ్ మోటారుకు ఎలాంటి గ్రీజు పెడితే చప్పుడు తగ్గుతుందో ఈ వీడియోలో చూద్దాం.

మోటారు మూత విప్పే ముందు, ఆ చప్పుడు గేర్లదేనని నిర్ధారించుకోవాలి. చక్రాన్ని నేల నుంచి పైకి లేపి చేత్తో తిప్పండి. ముందుకు తిప్పినప్పుడు లోపలి క్లచ్ పట్టు వదిలేస్తుంది కనుక గేర్లు కదలవు. వెనక్కి తిప్పినప్పుడు మోటారు కూడా తిరుగుతుంది, పళ్ళ గరగర అప్పుడే వినిపిస్తుంది. ముందుకు తిప్పినా గరగరమంటే బేరింగును అనుమానించాలి. బండి కదిలేటప్పుడు మాత్రమే గుర్రుమంటే అది మోటారుకు కరెంటును మెట్లు మెట్లుగా అందించే స్క్వేర్ వేవ్ కంట్రోలర్ వల్ల కావచ్చు. దానికి గ్రీజు మందు కాదు.

ఇదిగో, విప్పిన మోటారు. నడుమ చిన్న ఉక్కు గేరు, దాని చుట్టూ మూడు నైలాన్ గేర్లు ఉన్నాయి. వీటిలో ఏ పన్ను అరిగినా, విరిగినా మూడింటినీ మార్చవలసిందే. మోటారు చక్రం కంటే సుమారు నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది కనుక, పల్చని నూనె పోస్తే అది పళ్ళ మీద నిలవకుండా చిమ్మి హబ్ గోడకు అంటుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రేలైతే ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి.

గ్రీజు గట్టిదనాన్ని ఎన్‌ఎల్‌జీఐ అంకెతో, 000 (అతి మెత్తనిది) నుంచి 6 (అతి గట్టిది) వరకు, సూచిస్తారు. మరీ గట్టి గ్రీజును పళ్ళు ఒకసారి పక్కకు తోసేస్తే అది మళ్ళీ వచ్చి చేరదు, గేరు పొడిగానే తిరుగుతుంది. మరీ మెత్తనిది మన వేసవి ఎండకు కారిపోతుంది. అందువల్ల 1, 2 గ్రేడ్ల మధ్య, వేలితో తీస్తే తీగలా సాగే జిగట గల, పీఏఓ అనే సింథటిక్ నూనెతో చేసిన గ్రీజునే నేను ఎంచుకుంటాను. ఆ నూనె నైలాన్‌కు హాని చేయదు. విమానాల కోసం తయారైన ఎర్రటి మొబిల్‌గ్రీజ్ 28 ఇలాంటిదే, 177 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. అయితే దానిని చిక్కబరిచేది బంకమన్ను, సాధారణ బేరింగు గ్రీజును చిక్కబరిచేది లిథియం సబ్బు; ఈ రెండూ కలిస్తే గ్రీజు పలచబడి జారిపోతుంది కనుక పాతదాన్ని పూర్తిగా తుడిచిన తర్వాతే కొత్తది పెట్టాలి. గ్రాఫైట్ కలిసిన నల్ల గ్రీజుకు విద్యుత్ ప్రసరించే గుణం ఉంది, మోటారు తిరుగుడును పసిగట్టే హాల్ సెన్సర్ల దగ్గరకు దాన్ని రానివ్వకండి.

పళ్ళ సందులు నిండేంత పెడితే చాలు. డబ్బా అంతా కుక్కితే చప్పుడు మరింత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఎక్కువైన గ్రీజు క్లచ్ రోలర్లలోకి చేరితే అవి జారి, మోటారు తిరిగినా చక్రం కదలదు. క్లచ్‌కు పల్చని నూనె రెండు చుక్కలు సరిపోతాయి.

మూత బిగించాక చక్రాన్ని మళ్ళీ వెనక్కి తిప్పి వినండి. మునుపటి గరగర పోయి, చేతికి కొంచెం బరువుగా, మెత్తగా తిరుగుతుంటే గ్రీజు పళ్ళను పట్టుకున్నట్టే.