నల్లబడ్డ రూపాయిని తోమాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్ళలో చాలాచోట్ల ఒకటో రెండో పాత వెండి రూపాయలు ఉంటాయి. విక్టోరియా రాణి బొమ్మదో, అయిదో జార్జి బొమ్మదో, నిజాం కాలపు చార్మినార్ రూపాయో. ఏడాది పొడుగునా బీరువాలో ఉండి, వరలక్ష్మీ వ్రతానికో దీపావళికో బయటికొస్తాయి. కుందులూ పళ్ళేలూ తోముతూ, అదే చేత్తో రూపాయినీ ఇంత విభూతో పళ్ళపొడో వేసి రుద్దేస్తారు. కుందికి ఆ మెరుగు మంచిదే. నాణేనికి మాత్రం అది దెబ్బ, మానని దెబ్బ.

ఎందుకో చూద్దాం. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో వెండి వందకు 91.7 పాళ్ళు, మిగిలింది రాగి. ఈ వెండి గాలిలోని గంధకపు ఆవిరితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. మనం చూసే నలుపు అదే. అంటే ఆ నలుపు పైన పడ్డ మురికి కాదు, రూపాయిలోని వెండే రూపు మార్చుకుంది. రుద్ది తీశామంటే నాణెం పైపొరను తీసేసినట్టే. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, అట్టపెట్టె ఈ నలుపును తొందరపెడతాయి. నాణేల కట్టకు రబ్బరు బ్యాండు వేసి ఏళ్ళ తరబడి ఉంచితే, బ్యాండు ఆనిన చోట నల్లటి చార నిలిచిపోతుంది.

పొర పోవడం ఒక్కటే కాదు. టంకశాలలో అచ్చు పడ్డప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పాకుతుంది. ఆ పాకిన జాడ కంటికి ఆనని సన్నటి గీతలుగా నాణెం మీద మిగులుతుంది. పెద్దగా వాడని రూపాయిని బల్బు కింద పట్టుకుని మెల్లగా తిప్పితే, రెండు వెలుగు పట్టీలు బండిచక్రపు ఆకుల్లా గిర్రున తిరుగుతాయి. సేకరణదారులు ప్రాణం పెట్టేది ఆ మెరుపుకే. విభూతి ఒక్కసారి రుద్దితే ఆ గీతలు అరిగి, వాటి బదులు అడ్డదిడ్డంగా కొత్త గీరలు పడతాయి. అప్పుడు నాణెం తెల్లగా మెరుస్తుంది, వెలుగు మాత్రం తిరగదు. పది రెట్ల భూతద్దంతో, పక్క నుంచి దీపం పెట్టి చూస్తే గీరలు ఇట్టే పట్టుబడతాయి. అమెరికాలో నాణేలకు గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు ఇలాంటివాటికి అంకెతో గ్రేడు ఇవ్వవు. 'శుభ్రం చేసినది' అని చీటీ మీదే రాసేస్తాయి. వేలంలో ధర అక్కడే పడిపోతుంది.

నిజాం రూపాయినే దగ్గరగా చూడండి. చార్మినార్ బొమ్మ కింద ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలానిదైతే 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్‌దైతే 'ఐన్'. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన తొలినాళ్ళ నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తరవాతి వాటిలో నిండుగా ఉంటుంది. కేటలాగులు ఈ రెండింటినీ వేరువేరుగా లెక్కిస్తాయి. అయిదో జార్జి రూపాయి వెనక కింది తామర పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే అది బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. నాణెం ఏదో తేల్చేది ఈ అక్షరమూ ఈ చుక్కా. తోముడు పొడి ముందు వీటి చుట్టూ గట్టిపడి మూసేస్తుంది, తరవాత వీటినే అరగదీస్తుంది.

కంసాలి దగ్గర మెరుగు పెట్టించడమూ ఇంతే. కుంకుడు రసంతో పేచీ లేదు, దానితో పాటు వాడే ఇత్తడి తీగల బ్రష్షుతోనే. అల్యూమినియం కాగితం, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా కూడా చాలామంది చెబుతుంటారు. అది గీరలు పెట్టదు, నిజమే. సల్ఫైడును తిరిగి వెండిగా మారుస్తుంది. కానీ అలా వచ్చిన వెండి జీవం లేకుండా, సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది.

మరి ఎప్పుడూ ముట్టుకోకూడదా? ముట్టుకోవచ్చు. లోహం మీద బయటి నుంచి వచ్చి కూర్చున్నదాన్ని తీయవచ్చు, లోహమే మారి అయినదాన్ని తీయకూడదు. మట్టి, జిడ్డు, పసుపు, కుంకుమ, టేపు జిగురు మొదటి రకం.

ముందు నీళ్ళు. బోరు నీళ్ళు, మునిసిపల్ నీళ్ళు వద్దు, వాటిలో క్లోరైడు ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ కావాలి. బ్యాటరీ షాపులో దొరుకుతుంది, కాకపోతే నీళ్ళు కావాలని గట్టిగా చెప్పండి, అక్కడ పక్కనే యాసిడ్ కూడా అమ్ముతారు. గాజు గిన్నె అడుగున మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కో నాణేన్ని విడిగా ఒక రోజంతా నాననివ్వండి. నీళ్ళు మురికైతే మార్చండి. తీసేటప్పుడు అంచులే పట్టుకోవాలి. తుడవకూడదు, నూలు గుడ్డ మీద పెట్టి అద్దాలి.

పసుపు మరక మాత్రం నీళ్ళకు లొంగదు. దానికి అసిటోన్ కావాలి. కెమికల్ దుకాణంలో దొరికే స్వచ్ఛమైనదే తీసుకోవాలి. గోళ్ళరంగు తీసే ద్రవంలో సువాసన, నూనె కలుస్తాయి కాబట్టి అది పనికిరాదు. అసిటోన్ వెండినీ రాగినీ ఏమీ చేయదు, కానీ భగ్గున అంటుకుంటుంది. పొయ్యి, దీపం దగ్గర లేకుండా, కిటికీ తీసి పెట్టుకోండి. ప్లాస్టిక్ గిన్నెను అది కరిగిస్తుంది, గాజుదే వాడండి. పది నిమిషాలు ఉంచి, ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచి తీయండి. అక్షరాల సందుల్లో కుంకుమ మిగిలితే దూది పుల్లను అసిటోన్‌లో తడిపి దొర్లించండి, రుద్దవద్దు. గట్టిపడ్డ మట్టికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో వారాల తరబడి నానబెట్టడం మేలు. దానికి ఓపిక కావాలి, అంతే.

ఇక రాగి, కంచు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీ కంచుదే. ఇత్తడి చెంబులా దాన్నీ చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమే వాళ్ళున్నారు. నాణెం మీది చాక్లెట్ రంగు రాగి ఆక్సైడ్ పొర, లోహాన్ని కాపాడేది అదే. పులుపు దాన్ని కరిగించేస్తే అడుగున ఉన్న గులాబి రంగు పచ్చి రాగి బయటపడుతుంది. కొన్ని వారాల్లో అది మరకలు మరకలుగా నల్లబడుతుంది, మొదటి రంగు మళ్ళీ రాదు.

చిలుములో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోవాలి. గట్టిగా, నున్నగా, ముదురు పచ్చగా ఉన్నదాన్ని వదిలేయండి. లేత పచ్చగా, పొడి పొడిగా, గోటితో తాకితే రాలేది మాత్రం రోగం. లోహంలో దాగిన క్లోరైడు, తేమ, గాలి కలిసి యాసిడ్ పుట్టిస్తాయి. ఆ యాసిడ్ ఇంకొంత రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడు తయారు. అందుకే తుడిచినా రెండు మూడు రోజుల్లో తిరిగి పొడి తేలుతుంది. విశాఖ, బందరు వంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది తొందరగా ముదురుతుంది. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టండి. తరవాత అసిటోన్‌లో ముంచితే లోపలి తడి పోతుంది. ఆపైన సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బీలో పెట్టాలి. రంగు మారే రకం జెల్ అయితే, రంగు మారిందంటే తేమ పీల్చేసిందన్నమాట, మార్చేయండి. విలువైనదైతే ఇంట్లో ప్రయోగం చేయకుండా పురావస్తు రసాయన నిపుణులకు చూపించడమే నయం.

సీసపు నాణేలకు ఈ పద్ధతులేవీ చెల్లవు. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేల్లో సీసపువి ఉన్నాయి. సీసాన్ని డిస్టిల్డ్ వాటర్ కూడా తినేస్తుంది, చెక్క బీరువా నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తెల్లటి పొడిగా మార్చేస్తుంది. ఆ పొడి విషం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వకూడదు. ఇంకొక మాట. పొలం దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే నాణేలు దొరికితే కడగడం తరవాతి సంగతి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. అంటుకున్న మట్టితో సహా ఉంచితేనే చరిత్రకారులకు పనికొస్తుంది.

దాచడంలో జరిగే తప్పు ఒకటుంది. మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీ కవర్లు నాణేల మీద జిగట పచ్చ పూత వదులుతాయి. మొదట్లోనే గమనిస్తే అసిటోన్‌తో అది వస్తుంది. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు, నాణెం కొలతకు సరిపోయే గట్టి గుండ్రటి డబ్బీలు వాడండి.

పూజలో పెట్టే రూపాయి అయితే, డబ్బీలోంచి తీయకుండానే పీఠం మీద పెట్టి, బొట్టును ఆ డబ్బీ మూత మీదే పెట్టండి. పూజయ్యాక మూత తుడిస్తే సరిపోతుంది.